అచ్చంపేట దాటాక వినకూడని సలహాలు

అమ్రాబాద్‌కో, పదరకో, లింగాలకో, కొల్లాపూర్‌కో మొదటి పోస్టింగ్ వచ్చిందంటే చాలు, జాయిన్ కాకముందే సలహాలు మొదలవుతాయి. కొత్త తహసీల్దారుకు పాత తహసీల్దారు చెబుతాడు. పంచాయతీ కార్యదర్శికి సూపరింటెండెంటు చెబుతాడు. ఎంపీడీవోకు యూనియన్ గదిలో పెద్దవాళ్లు కూర్చోబెట్టి చెబుతారు. చెప్పేవాళ్లలో చాలామందిది మంచి మనసే. ఒకప్పుడు ప్రాణభయంతో నేర్చుకున్న జాగ్రత్తలను తమ్ముళ్లకు, చెల్లెళ్లకు అప్పగిస్తున్నామని వాళ్ల నమ్మకం. అందుకే ఈ సలహాలను ఊరికే తోసిపుచ్చితే సరిపోదు. ఏది ఎప్పుడు పుట్టిందో, ఆ రోజు దానికి ఏ కారణం ఉందో, ఆ కారణం పోయాక అది ఎవరికి నష్టం చేస్తోందో తెలుసుకుని వదిలిపెట్టాలి. కింద కొటేషన్లలో పెట్టినవన్నీ తప్పుడు సలహాలు. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల మూడు జిల్లాల్లోనూ, ముఖ్యంగా నాగర్‌కర్నూల్ జిల్లా అడవి మండలాల్లో, ఇవి ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి.

"పొద్దు గూకకముందే మండలం దాటాలె సార్"

ఈ మాట ముందుగా చెప్పేది అటెండరో, డ్రైవరో. దీని వెనక ఒక తేదీ ఉంది. 1993 నవంబరు 14న కొల్లాపూర్ దగ్గరి సోమశిలలో మందుపాతర పేలి అప్పటి మహబూబ్‌నగర్ ఎస్పీ పరదేశి నాయుడు, ఆయన వెంట ఉన్న పోలీసులు చనిపోయారు. జిల్లా ఎస్పీకే భద్రత లేని దారిలో ఒక గిర్దావరు ఏ ధైర్యంతో తిరుగుతాడు? దూరం నుంచి చూస్తే రెవెన్యూ జీపుకూ పోలీసు జీపుకూ తేడా తెలియదు. దాంతో జీపు పక్కన పెట్టి ఆర్టీసీ బస్సు ఎక్కారు. పగటి బస్సుకు పోయి పగటి బస్సుకే తిరిగొచ్చారు. తర్వాత తర్వాత అసలు పోవడమే మానేసి, పని ఉన్నవాళ్లను మండలానికే రమ్మన్నారు. 2005 ఆగస్టు 15న, జెండా పండుగ నాడు, నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని మావోయిస్టులు కాల్చి చంపినప్పుడు ఆయన కొడుకుతో పాటు అక్కడి మున్సిపల్ కమిషనర్ కూడా ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఆయన చేసిన నేరమేమీ లేదు, డ్యూటీలో ఉన్నాడు. రెండు రోజులకు ప్రభుత్వం మావోయిస్టు పార్టీని నిషేధించింది. ఆ ఏడాది ఈ జిల్లాలో ఉద్యోగం చేసినవాళ్లను పిరికివాళ్లని ఎవరూ అనకూడదు. నేను అనను.

కానీ లెక్క చూడండి. 2004 అక్టోబరులో నల్లమల నుంచి బయటికొచ్చి హైదరాబాద్‌లో ప్రభుత్వంతో చర్చలకు కూర్చున్న పార్టీ, 2005 జనవరిలో ఆ చర్చలు తెగిపోయాక ఏడాదిన్నరలోనే ఈ అడవిలో పట్టు కోల్పోయింది. 2006 జులైలో దాని రాష్ట్ర కార్యదర్శి మాధవ్ ప్రకాశం జిల్లా వైపు నల్లమలలో జరిగిన ఎదురుకాల్పుల్లో చనిపోయాడు. ఆ తర్వాత మిగిలిన దళాలు కూడా ఈ కొండలు వదిలాయి. ఆ ఏడాది పెంటల్లో, అంటే చెంచుల అడవి గూడేల్లో, పుట్టిన పిల్లలు ఇప్పుడు ఓటర్లు. మందుపాతర అనే మాట వాళ్లు పెద్దల నోట వినడమే తప్ప చూసింది లేదు. అయినా ఆఫీసు మాత్రం సాయంత్రం బస్సును వదల్లేదు. వదలకపోవడానికి చెప్పే కారణాలే మారాయి. ఇప్పుడు పిల్లల చదువంటారు, సిగ్నల్ లేదంటారు. రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు చెక్‌పోస్టు మూసేస్తారు కాబట్టి ముందే బయటపడాలంటారు. ఆ గేటు జంతువులు రోడ్డు దాటడానికి పెట్టింది. అమ్రాబాద్‌లో అద్దెకు గది తీసుకున్న ఉద్యోగిని అది ఆపదు.

దీనివల్ల నష్టపోయేది ఎవరో చెబుతాను. పెంటల్లో చెంచులు పగలు ఇంట్లో ఉండరు. తేనెకో, గడ్డలకో, జిగురుకో అడవిలోకి పోతారు, లేదా కూలికి పోతారు. తండాల్లోనూ అంతే. పదిన్నరకు వచ్చి నాలుగింటికి వెళ్లే అధికారికి అక్కడ కనిపించేది ముసలివాళ్లూ, చంటిపిల్లలూ, మూసిన తలుపులూ. సర్వే ఫారంలో "ఇంట్లో ఎవరూ లేరు" అని రాస్తారు. ఆ ఒక్క వాక్యంతో ఒక కుటుంబం రేషన్ కార్డు ఆగిపోవచ్చు, ఇంటి మంజూరు ఆగిపోవచ్చు. అటువైపు ఆ కుటుంబానికి మండలం రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, ఆటో ఖర్చు పడుతుంది, వచ్చాక "సారు మీటింగుకు పోయిండు" అనే జవాబు దొరుకుతుంది.

ఇది మన దగ్గరే జరిగిన వింత కాదు. నేపాల్‌లో 1996 నుంచి 2006 వరకు మావోయిస్టు యుద్ధం నడిచింది. ఆ పదేళ్లలో గ్రామ అభివృద్ధి కమిటీల కార్యదర్శులు ఊళ్లు వదిలి జిల్లా కేంద్రాలకు చేరారు. ఎన్నికైన స్థానిక సంఘాల గడువు 2002లో తీరిపోయింది. శాంతి ఒప్పందం 2006లో కుదిరినా స్థానిక ఎన్నికలు మళ్లీ జరిగింది 2017లోనే. యుద్ధం ఆగిన తర్వాత కూడా చాలామంది కార్యదర్శులు జిల్లా కేంద్రం నుంచే ఊరిని నడిపారు. తుపాకీ ఒక అధికారిని ఊరి నుంచి వెళ్లగొట్టడానికి ఒక్క రాత్రి చాలు. అతణ్ని వెనక్కి తెచ్చే పని మాత్రం ఏ శాంతి ఒప్పందంలోనూ ఎవరి పేరు మీదా రాసి ఉండదు.

కాబట్టి మండల కేంద్రంలోనే ఇల్లు తీసుకోండి. కుటుంబాన్ని తేలేకపోతే వారంలో కొన్ని రాత్రులైనా అక్కడ పడుకోండి. పెంటల్లో, తండాల్లో గ్రామసభ పొద్దు వాలాక పెట్టండి. ముందు రోజే టాంటాం వేయించండి. ఎవరెవరు వచ్చారో, ఎవరు ఏమడిగారో అక్కడికక్కడే రాయించండి.

"నోటితో చెప్పు తమ్మీ, కాగితం మీద పెట్టకు"

పై సలహా కన్నా ఇది ఎక్కువ చెరుపు చేసింది. ఎందుకంటే దూరాన్ని రోడ్డు వేసి, జిల్లా చీల్చి తగ్గించవచ్చు. ముప్పై ఏళ్ల కింద రాయని కాగితాన్ని ఇప్పుడు ఎవరు పుట్టిస్తారు?

ఈ భయానికీ అప్పట్లో కారణం ఉంది. లబ్ధిదారుల జాబితా మీద సంతకం పెడితే అది దళం చేతికి పోతుంది. ఫలానావాడికి భూమి ఎందుకు ఇవ్వలేదని ప్రజాకోర్టులో అడుగుతారు. కబ్జా విచారణ రిపోర్టు రాస్తే పోలీసులు పిలిచి, ఎవరి మాట మీద రాశావంటారు. ఇద్దరికీ జవాబు చెప్పాల్సిన చోట ఏమీ రాయకపోవడమే క్షేమమనిపించింది. అర్జీ తీసుకుని రసీదు ఇవ్వరు. కాదని చెప్పాల్సి వస్తే ఎండార్స్‌మెంట్ రాయకుండా "చూద్దాంలే" అంటారు. భూమి పెద్దమనిషి ఊరు విడిచి పట్నం చేరాడు. అతని పొలాన్ని కొందరు దున్నుకున్నారు, కొందరు తెల్లకాగితం మీద కొనుక్కున్నారు. రెండూ పహాణీలో ఎక్కలేదు. ఊరికి రాని మనిషి రాసే పహాణీలో అనుభవదారు కాలం నిరుటిదే మళ్లీ ఎత్తి రాయబడింది.

ఇక్కడ ఈ ప్రాంతపు అంతకు ముందరి కథ చెప్పుకోవాలి. ఇదే నేల మీద సాయుధ పోరు తర్వాత పాలన మొదలుకావడం 2006 తర్వాత రెండోసారి. 1948 సెప్టెంబరులో పోలీసు యాక్షన్ జరిగేనాటికి గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలు నిజాం కింద సొంత కచ్చేరీలతో నడుస్తున్నాయి. గద్వాలను మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పాలించేది. యాక్షన్ తర్వాత కూడా కమ్యూనిస్టు దళాల మీద సైన్యం గాలింపు ఆగలేదు. 1951 అక్టోబరులో పోరాట విరమణ ప్రకటించేదాకా కృష్ణ పక్కన అమ్రాబాద్ అడవి ఆ దళాలకు ఆశ్రయం. మేజర్ జనరల్ చౌధురి మిలిటరీ గవర్నరుగా ఉన్న 1949 చివరి వరకు, ఆ తర్వాత ముఖ్యమంత్రి వెల్లోడి కాలంలోనూ, మద్రాసు నుంచి, సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి అధికారులను తెచ్చి కూర్చోబెట్టారు. వాళ్లలో చాలామందికి ఉర్దూ రాదు, దఫ్తరంతా ఉర్దూలో ఉంది. పాత ఉద్యోగులు ఎందరో పక్కకు తప్పించబడ్డారు. ఆ కోపం 1952 ముల్కీ ఆందోళనలో బయటపడింది. ఆ పాలన గొప్పగా నడిచిందని నేను చెప్పడం లేదు.

అయినా ఆ పాలన ఒక పని చేసింది: రాసింది. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు రెగ్యులేషన్ వచ్చింది. 1950లో కౌలు చట్టం వచ్చి రక్షిత కౌలుదారుల పేర్లు రిజిస్టరుకెక్కాయి. 1954-55లో ఊరూరా తిరిగి ఖాస్రా పహాణీ రాశారు. అందులో మోసాలు జరిగాయి. పేరెక్కిన కౌలుదారులను ఎందరినో భూమి నుంచి తప్పించారు. ప్రొఫెసర్ ఖుస్రో 1958లో అచ్చయిన తన అధ్యయనంలో ఈ సంగతి నమోదు చేశారు. కానీ రాసి ఉంది కాబట్టే ఆ మోసాన్ని ఎవరైనా పట్టుకోగలిగారు. ఇవాళ్టికీ వనపర్తిలో భూమి తగాదా వస్తే పెద్దాయన బయటికి తీసేది ఖాస్రా పహాణీ నకలే. రక్షిత కౌలుదారు మనవడు 38-ఇ సర్టిఫికెట్ పట్టుకుని వస్తాడు. 1948 తర్వాతి పాలన లోపాలతో సహా కాగితం వదిలింది. 2006 తర్వాత మన పాలనకు ఖాళీ కాలమ్‌లు మిగిలాయి.

ఆ ఖాళీల ఖరీదు తర్వాత తెలిసింది. 2004 చర్చల్లో భూమి ముఖ్యమైన విషయం. ఆ డిసెంబరులోనే కోనేరు రంగారావు అధ్యక్షతన భూ కమిటీ వేశారు. 2006లో అది 104 సిఫార్సులు ఇచ్చింది. ఊరికి పోయి, పేదవాడి అనుభవాన్ని విచారించి, రాసి ఇవ్వాలనేది వాటిలో చాలావాటికి ప్రాణం. ఆ పని సగంలోనే నిలిచింది. 2017లో భూ రికార్డుల ప్రక్షాళన వచ్చి, 2020లో ధరణి వచ్చినప్పుడు కంప్యూటరు పాత పహాణీని పట్టుకుంది. దళాల కాలంలో తెల్లకాగితం మీద కొన్నవాడి పేరు అందులో లేదు. వివాదం అనిపించినవి పార్ట్-బిలోకి పోయాయి. అదే 2020లో వీఆర్వో వ్యవస్థ కూడా రద్దయి, ఊళ్లో అడగడానికి మనిషి కూడా లేకుండా పోయాడు. 2025లో భూభారతి చట్టం వచ్చి సాదాబైనామాలకు, అంటే ఆ తెల్లకాగితపు కొనుగోళ్లకు, దారి తెరిచింది, గ్రామ పాలనాధికారులు మళ్లీ ఊళ్లకు వచ్చారు. ఇప్పుడు మీరు రాసేది నిలుస్తుంది.

అందుకని ప్రతి అర్జీకి తేదీ, నంబరు వేసి రసీదు ఇవ్వండి. కాదనాల్సి వస్తే కారణం రాసి సంతకం పెట్టండి. మీరు కాదన్నది తప్పయితే పై అధికారి సరిదిద్దుతాడు. నోటిమాట మీద అప్పీలు చేసుకోవడానికి ఏ చట్టంలోనూ చోటు లేదు.

"ఏ పనైనా ముందు ఎస్సైగారి చెవిన వెయ్యి"

అడవి ఊళ్లలో చాలాకాలం ప్రభుత్వమంటే పోలీసే. కూంబింగుకు వచ్చేదీ వాళ్లే, ఆ వెంటే మందుల శిబిరం పెట్టేదీ, వాలీబాల్ పోటీలు నడిపేదీ, డ్రైవింగు నేర్పించేదీ వాళ్లే. బోరు కావాలన్నా, రోడ్డు కావాలన్నా ఊరివాళ్లు స్టేషన్‌కు అర్జీ తీసుకుపోవడం అలవాటు చేసుకున్నారు. ఆ పనులు చేసిన పోలీసులను తప్పుపట్టలేం. మిగిలిన శాఖలు లేని చోట వాళ్లు నిలబడ్డారు. కానీ బోరు ఎస్సై ఇచ్చే దయ అయితే, రేపు అదే ఎస్సై మీద ఫిర్యాదు ఉన్నవాడికి నీళ్లెవరు అడిగిపెడతారు? పోలీసుకు పోలీసు పని అప్పగించి, నీటికి, రోడ్డుకు, పింఛనుకు ఆయా శాఖల మనుషులు ఊళ్లో కనబడాలి. భూమి విచారణకు వెళ్లేటప్పుడు నిజంగా కొట్లాట భయం ఉంటే తప్ప పోలీసులను వెంటబెట్టుకోకండి. ఖాకీ పక్కన నిలబడి అడిగిన ప్రశ్నకు ఆ ఊళ్లలో వచ్చే జవాబు వేరు.

"గట్టిగా అడిగేవాడి వెనక ఎవరో ఉంటరు"

యుద్ధం ఆఫీసుకు నేర్పిన వాటిలో నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ అనుమానం. కూలి రేటు అడిగినవాడు "వాళ్ల మనిషి". దళానికి అన్నం పెట్టాల్సి వచ్చిన ఇల్లు "వాళ్ల ఇల్లు". ఆ అవతలివైపు, మండలాఫీసు మెట్లెక్కి దిగినవాడు "ఇన్‌ఫార్మర్". రెండు వైపులా ఈ ముద్రలకు మనుషులు బలయ్యారు. 2005లో నల్లమల కోబ్రాలు లాంటి ముసుగు పేర్లతో పౌరహక్కుల కార్యకర్తలకు బెదిరింపులు వచ్చాయి, హత్యలు జరిగాయి. అలాంటి ఏళ్లు దాటి వచ్చిన ఊళ్లో ఒక మనిషి లేచి నిలబడి అధికారిని ప్రశ్న అడిగాడంటే, అతను ప్రభుత్వం మీద నమ్మకం పెట్టుకోవడానికి మొదటి అడుగు వేస్తున్నాడని అర్థం. దాన్ని మీరు అనుమానంతో తొక్కితే మళ్లీ అడగడు.

2019 గుర్తుచేసుకోండి. అమ్రాబాద్, పదర మండలాల్లో యురేనియం అన్వేషణ గురించి ఊళ్లు భగ్గుమన్నాయి. అడిగినవాళ్లు చెంచులు, రైతులు, బడిపిల్లల తల్లులు. బోర్లు ఎక్కడ వేస్తారు, నీళ్లు ఏమవుతాయి, మమ్మల్ని లేపుతారా అని అడిగారు. ఆ ప్రశ్నల వెనక ఎవరున్నారని వెతికినవాళ్లు ఉన్నారు. చివరకు ఆ సెప్టెంబరు 16న రాష్ట్ర శాసనసభే నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. ఊరు అడిగిందే సభ కూడా అన్నది.

ఎస్.ఆర్. శంకరన్‌ను గుర్తుంచుకోండి. 1987 డిసెంబరులో తూర్పుగోదావరి జిల్లా గుర్తేడు దగ్గర పీపుల్స్ వార్ దళం ఆయనతో పాటు మరికొందరు ఐఏఎస్ అధికారులను బందీలుగా పట్టుకుంది. బయటపడ్డాక ఆయన అడవి ఊళ్లకు దూరమయ్యారా? కాలేదు. 1997లో కన్సర్న్‌డ్ సిటిజన్స్ కమిటీకి పూనుకుని, రెండు వైపుల హింసనూ ప్రశ్నిస్తూ ఏడేళ్లపాటు ఊళ్లు తిరిగారు. 2004 చర్చలకు దారి వేసినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది ఆయన్నే. ప్రణాళికా సంఘం నక్సల్ ప్రాంతాల మీద వేసిన, 2008లో నివేదిక ఇచ్చిన నిపుణుల బృందంలో ఆయన, పౌరహక్కుల న్యాయవాది బాలగోపాల్, మాజీ పోలీసు ఉన్నతాధికారి ప్రకాశ్ సింగ్ కలిసి కూర్చున్నారు. భూమి, అడవి, పాలన తీరు దగ్గరే అశాంతికి వేళ్లున్నాయని ఆ నివేదిక చెప్పింది. తనను బందీగా తీసుకుపోయిన మనుషుల ఊరికే తిరిగి వెళ్లి "మీ బాధేంటి" అని అడగగలిగిన అధికారి మనకు ఒకరున్నారు. మీకు ఎదురుగా గొంతు పెంచిన మనిషిని కూర్చోబెట్టి అడగడం అంతకన్నా కష్టమా?

"గద్వాల, వనపర్తి వాళ్లకు ఈ గొడవతో పనిలేదు"

పని ఉంది. 2016 అక్టోబరు 11న మూడు జిల్లాలు ఏర్పడేదాకా ఇవన్నీ ఒకే మహబూబ్‌నగర్ కలెక్టరేట్ కింద ఉన్నాయి. సోమశిల తర్వాత, నారాయణపేట తర్వాత ఆ కలెక్టరేట్ అంతా ఒకే భయంతో పనిచేసింది. నర్సిరెడ్డి కూతురు డీకే అరుణ అప్పుడు గద్వాల ఎమ్మెల్యే. ఆ చావు గద్వాల కోటకు దూరంగా జరిగింది కాదు. ఇంకోవైపు చూస్తే, పలుకుబడి ఉన్న ఉద్యోగి గద్వాలకో, వనపర్తికో, జడ్చర్లకో వేయించుకున్నాడు. అది లేనివాడికి, శిక్ష పడినవాడికి అడవి మండలాలు దక్కాయి. బదిలీల మీద మనుషులు తిరుగుతుంటే అలవాట్లూ వాళ్లతో తిరిగాయి. రాజోలిబండ కాలువ చివరి భూములకు నీళ్లందని అలంపూర్ రైతుకు రసీదు ఇవ్వని గుమస్తా ఏ మండలంలో ఉద్యోగం నేర్చుకున్నాడో అడిగి చూడండి.

"శాంతి వచ్చింది, పాలన దానంతటదే వస్తది"

రాదు. ఎవరో తీసుకురావాలి. ఈ ప్రాంతంలోనే అది ఒకసారి జరిగింది, అందుకే నాకు ఆశ. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. మొదటి విడత 200 జిల్లాల్లో మన పాలమూరు, అంటే మహబూబ్‌నగర్, ఒకటి. అప్పటికి నల్లమలలో తూటాలు ఇంకా పూర్తిగా ఆగలేదు. బొంబాయికి, పుణెకు తట్టపని కోసం వలసపోయే ఊళ్లలో జాబ్ కార్డులు రాయించారు. మస్టర్ పేర్లు గట్టిగా చదివి వినిపించే సామాజిక తనిఖీ వచ్చింది. పనికి రాని మనిషి పేరున కూలి ఎత్తిన ఫీల్డ్ అసిస్టెంటును ప్రజావేదికలో జనం ముందే నిలబెట్టి అడిగారు. "అన్నలు" లేకుండా, పోలీసు లేకుండా, కాగితం చదివి ఒక కూలి మనిషి ప్రభుత్వాన్ని నిలదీసిన సన్నివేశం ఆ ఊళ్లకు కొత్త. తర్వాత ఆదిత్య దాస్‌గుప్తా, కిశోర్ గవాండే, దేవేశ్ కపూర్ ఈ పథకాన్నీ మావోయిస్టు హింసనూ కలిపి చదివారు. అమలు చేసే సామర్థ్యం ఉన్న రాష్ట్రాల్లో, ముఖ్యంగా అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో, పథకం వచ్చాక హింస బాగా తగ్గిందనీ, అమలు చేయలేని చోట ఆ ఫలితం కనిపించలేదనీ వాళ్లు తేల్చారు. అంటే పాలన శాంతికి వెనక నడిచేది కాదు, పక్కనే నడవాలి.

మూడు కొత్త కలెక్టరేట్లూ మేలే చేశాయి. అమ్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ వంద కిలోమీటర్లు దాటి ఉండేది, నాగర్‌కర్నూల్ అంతకన్నా చాలా దగ్గర. రాష్ట్రం విడిపోయాక శ్రీశైలం ఐటీడీఏ అవతలికి పోయి, ఈ వైపు చెంచుల బాధ్యత మన్ననూరు ఐటీడీఏ మీద పడింది. 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఉన్న పెంటలకు అటవీ శాఖే గుమ్మం దగ్గరి ప్రభుత్వం. దళాల కాలంలో అటవీ సిబ్బందీ లోపలికి పోలేక బయటి గ్రామాల్లోనే ఉండిపోయారు. తిరిగి వెళ్లాక వాళ్లు మొదట చేసింది గీతలు గీయడం. అటవీ హక్కుల చట్టం 2006లోనే వచ్చింది. పెంట సరిహద్దు మీద అటవీ శాఖ గీత, రెవెన్యూ గీత, చెంచుల నోటిగీత మూడూ కలవని చోట్లు ఇంకా ఉన్నాయి. మూడు పక్షాలూ ఒకే రోజు కలిసి నడిచి, పెద్దలు చూపించిన వాగును, గుండును, చెట్టును పటంలో ఎక్కించకుండా ఏ పట్టా పంచినా మళ్లీ తగాదాయే.

"పాత చావులను తవ్వకు"

ఈ సలహా అన్నిటికన్నా మెల్లగా, చెవిలో చెబుతారు. తవ్వితే దళం పేరు వస్తుంది, పోలీసు పేరు వస్తుంది, నీకెందుకంటారు. మరి ఆ చావుల వెనక ఇళ్లు ఉన్నాయి కదా. ఇన్‌ఫార్మర్ అని దళం చంపిన రైతు భార్య ఉంది. ఎన్‌కౌంటర్‌లో చనిపోయిన కుర్రాడి తల్లి ఉంది. లోపలికి పోయి తిరిగిరాని మనిషి భార్య ఉంది. బతికి ఉన్నాడో లేదో ఆమెకు తెలియదు, ప్రభుత్వానికీ తెలియదు. వితంతువులకు ఇచ్చే పింఛనుకు 2014లో ఆసరా అని పేరు పెట్టారు, ఇప్పుడు చేయూత అంటున్నారు. పేరు ఏదైనా భర్త మరణ ధ్రువీకరణ పత్రం అడుగుతారు. వారసత్వం కింద అర ఎకరం మార్చుకోవాలన్నా అదే కాగితం. తీవ్రవాద హింసలో చనిపోయినవారికి ఇచ్చే ఎక్స్‌గ్రేషియా అందిన కుటుంబాలు కొన్ని ఉన్నాయి. అది అందనివాళ్లకు కనీసం ఈ కాగితమైనా దక్కాలి. ఆ కాగితం లేకనే కొందరు ఆడవాళ్లు ఇరవై ఏళ్లుగా కూలితోనే బతుకు ఈడుస్తున్నారు. ఆ మనిషి ఎటు వైపు చనిపోయాడన్నది మీ రిజిస్టరులో కాలమ్ కాదు.

చేయాల్సింది కష్టమైనదేమీ కాదు. ఎన్‌కౌంటర్‌కైనా, దళం చేసిన హత్యకైనా స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్, శవ పంచనామా ఉంటాయి. వాటి నకలు మీ సంతకంతో మీరే అడిగి తెప్పించండి, ఆమెను స్టేషన్ మెట్లెక్కించకండి. పంచాయతీ రిజిస్టరులో నమోదు లేదని కార్యదర్శి చేత నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ రాయించండి. ఊళ్లో పెద్దల వాంగ్మూలంతో విచారణ పంచనామా రాయండి. ఏడాది దాటిన మరణాన్ని నమోదు చేయడానికి ఆర్డీవో ఉత్తర్వు కావాలి, ఆ ఫైలు కదిలించేది మీ ఫార్వర్డింగ్ లెటరే. జాడ తెలియనివారి విషయంలో ఏడేళ్లుగా కనబడని మనిషిని చనిపోయినట్టు భావించవచ్చని సాక్ష్య చట్టం చెబుతోంది. దానికి సివిల్ కోర్టు డిక్రీ కావాలి. మండల న్యాయ సేవల కమిటీ ఉచితంగా లాయరును పెడుతుంది, ఆ దరఖాస్తు మీ ఆఫీసులోనే నింపించి పంపండి. ఆర్డీవో ఉత్తర్వు వచ్చేదాకా ఆమెను మళ్లీ తిప్పకుండా, పింఛను దరఖాస్తు కూడా ఆ రోజే తీసుకుని, రసీదు మీద నంబరు వేసి చేతికివ్వండి.